కాటా గదిలో కళావరు జాకీ

పదకొండు దాటి లారీల వరస పలచబడ్డాక
ఏటుకూరు రోడ్డులో మిగిలే చప్పుడు
కోల్డ్ స్టోరేజీ కంప్రెసర్‌ది ఒక్కటే.
అప్పుడు తీస్తాను కట్ట,
సొరుగులో కార్బన్ కాగితాల కింద నుంచి.
బల్ల మీద ఏడు దొంతర్లు.
అవతల కూర్చునే మనిషి లేడు.
నేనే కలిపి, నేనే కోసి,
నాకు నేనే పంచుకుంటాను.

మామూలు ఒంటరాట మూడు నెలలకే మొహం మొత్తింది.
రాజు కింద రాణి, రాణి కింద జాకీ,
అన్నీ సర్దేసి లేచిపోయే ఆట.
సర్దడం ఇక్కడ ఎప్పుడూ ఉన్నదే,
టిక్కీ మీద టిక్కీ,
తేజా ఓ పక్క, తాలు ఓ పక్క.

అందుకని కళావరు జాకీకి పేరు పెట్టాను.
బాజీ.
ఊరు లేదు, ఒక కంబళి ఉంది.
పది ఎండుమిరపకాయలు వాడి ప్రాణం,
వరసగా పేర్చి పెడతాను కాగితం మీద.
చిన్న ఇస్పేటు పడితే ఒక కాయ పోతుంది,
అయిదు దాటినదైతే రెండు.
ఆఠీను నీళ్లు.
డైమను కూలి డబ్బు, కత్తి కొనుక్కోవచ్చు, చెప్పులు కొనుక్కోవచ్చు.
మొదటి నెలంతా వాడు చెప్పులే కొన్నాడు.
మిగతా కళావర్లు వాడి చుట్టాలు,
నమ్మడానికి లేదు.
ఇస్పేటు రాణి వంతెన మీద నిలబడి
గేటు పాసు అడుగుతుంది.

వాడి లెక్కలన్నీ పాత కాటా పుస్తకం వెనకపేజీల్లో,
లోడు బరువు, ఖాళీ బరువు, నికరం అని
అచ్చేసిన గళ్లలోనే.
నికరం కింద వాడెక్కిన మెట్టు రాస్తాను.
మాఘంలో ఒకటి. వైశాఖానికి తొమ్మిది.
నాకిక్కడ ఇది పదకొండో ఏడు,
మెట్లంటే ఈ గదికున్నవి మూడే,
టీకి దిగుతాను, టీ తాగి ఎక్కుతాను.

చెప్పడం మరిచాను, ఆఠీను ఏడు ఎటో పోయింది.
ఎలుక పనో, టీ కుర్రాడి పనో.
తూకం చీటీ ఒకటి చింపి
ఎర్ర పెన్నుతో ఏడు గుండెలు గీసి కట్టలో కలిపాను.
అది పడితే నిండు బావి, పోయిన కాయలన్నీ తిరిగొస్తాయి.
కానీ పల్చటి చీటీ కదా,
ఎక్కడ దాక్కున్నా బొటనవేలికి తెలిసిపోతుంది.

పోయిన మంగళవారం
పదో మెట్టు గుమ్మంలో బాజీకి ఒకే కాయ మిగిలింది.
కట్ట మీద వేలు పెట్టాను.
పైనది మందం ముక్క.
దాని కిందే చీటీ.
ఒక్క ముక్క జరిపితే నీళ్లు.
చూసేవాడు లేడు,
కెమెరా ఉందిగాని అది లారీల వైపే తిరిగి ఉంటుంది.

అప్పుడు మోగింది హారను.
బళ్లారి బండి. డ్రైవరు చెన్నబసవ.
తూకం వేసి చీటీ కొడుతుంటే లోపలికొచ్చాడు.
"ఎవరితో ఆడుతున్నావన్నా?"
ఎందుకో మొత్తం చెప్పాను,
కంబళి, చెప్పులు, వంతెన, రాణి.
నవ్వలేదు. బల్ల మీదికి వంగి చూసి
"ఇతనికి తిండి పెట్టవా?" అన్నాడు.
అంటూనే, యార్డుకొచ్చే ప్రతివాడి చెయ్యీ చేసే పనే చేసింది అతని చెయ్యి.
ఆ ఒక్క కాయా తీసి
ఫట్‌మని విరిచి, వాసన చూసి,
"తేజానే. గింజ బాగుంది" అని అక్కడే పెట్టి
చీటీ తీసుకుని వెళ్లిపోయాడు.

విరిగిన కాయకి ఏం చెయ్యాలో
నా రూల్సులో లేదు.
బండి వెనక ఎర్రలైటు మలుపు తిరిగేదాకా చూసి
కాగితం మీద రాలిన గింజలు లెక్కపెట్టాను.
నలభై ఎనిమిది.
కాయ లోపల దాచుకుని
ఇన్నాళ్లూ చెప్పలేదు వీడు.

పై ముక్క తిప్పాను.
ఇస్పేటు తొమ్మిది.
రెండు గింజలు తీసి పక్కన పెట్టాను.
చీటీ ఇంకా కట్టలోనే ఉంది.